ఒకే లెక్క, నాలుగు చిప్పులు

డిప్లొమా మూడో ఏడాది సెమినార్‌కి తొలితరం మైక్రోప్రాసెసర్ల (8085, 6502, జెడ్80, 6800 చిప్పుల) పోలిక తీసుకున్నాను. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర పెద్ద పట్టిక ప్రింటు తీయించుకుని వెళ్లాను: ఏ చిప్పు ఏ సంవత్సరంలో వచ్చింది, లోపల అంకెలు దాచుకునే రిజిస్టర్లెన్ని, గడియారం ఎన్ని మెగాహెర్ట్‌జ్ (సెకనుకి ఎన్ని మిలియన్ టిక్కులు).

"ఏటమ్మా ఇది? దీన్ని చూస్తే 3 మెగాహెర్ట్‌జ్ 8085 ముందు 1 మెగాహెర్ట్‌జ్ 6502 ఆగదనుకుంటారు. ఒకే ప్రోగ్రాం అన్నిట్లోనూ రాసి పట్టుకురా" అన్నారు సారు.

మెమరీలోని పది బైట్లు కూడే ప్రోగ్రాం ఎంచుకున్నాను. 8085 కిట్ మీద అది అలవాటైనదే. మెమరీ అడ్రసు ఉండే హెచ్‌ఎల్ రిజిస్టర్ జంట చూపించే బైటు కలపాలి, హెచ్‌ఎల్ పెంచాలి, లెక్క పెట్టే సి రిజిస్టర్ తగ్గించాలి, సున్నా కాకపోతే వెనక్కి దూకాలి. 7, 6, 4, 10 కలిపి 27 టీ-స్టేట్లు, అంటే గడియారం టిక్కులు. బైటుకి 9 మైక్రోసెకన్లు.

6502 మా ల్యాబ్‌లో లేదు. మాన్యువల్ పక్కన పెట్టుకుని కాగితం మీదే నడిపాను. బైటులో 255 దాకానే పడుతుంది కాబట్టి 200కి 100 కలిపితే 44 మిగిలి క్యారీ (పై స్థానానికి పోయే 1) పడింది. తర్వాత 5 కలిపితే 49 రావాలి, 50 వచ్చింది! రాత్రి పదకొండు దాకా కూర్చుంటే గానీ దొరకలేదు: ఆ చిప్పులో క్యారీ లేకుండా కూడే ఇన్‌స్ట్రక్షనే లేదు. ప్రతి కూడికకీ ముందు క్యారీని మనమే తుడవాలి. 1975లో 25 డాలర్లకే అమ్మిన చిప్పు అది, అక్కర్లేనిదేదీ పెట్టలేదు.

ఆ అదనపు ఇన్‌స్ట్రక్షన్‌తో కూడా ఒక్కో బైటుకి తిరిగే లూపు 11 సైకిళ్లే (గడియారం టిక్కులే), అంటే 11 మైక్రోసెకన్లు. గడియారం మూడో వంతు, తేడా మాత్రం రెండు మైక్రోసెకన్లు! 8085కి ఆప్‌కోడ్ (ఇన్‌స్ట్రక్షన్ కోడ్) తెచ్చుకోడానికే కనీసం నాలుగు టీ-స్టేట్లు కావాలి. 6502 ప్రతి సైకిల్‌లోనూ మెమరీని ముట్టుకుంటుంది. నాకు ఈ పని మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

జెడ్80లో బైటు కలపడానికి, హెచ్‌ఎల్ పెంచడానికి వాడే 86, 23 అనే కోడ్లు 8085వే. 8085కి ముందు వచ్చిన ఇంటెల్ 8080 డిజైన్‌ని నడిపించిన ఫెడెరికో ఫాజిన్ ఇంటెల్ వదిలి జైలాగ్ కంపెనీ పెట్టి, పాత ప్రోగ్రాములు నడిచేలా 1976లో తెచ్చాడు దాన్ని. బి రిజిస్టర్ తగ్గించడం, వెనక్కి దూకడం రెండూ కలిపి రెండే బైట్లు, హెక్స్‌లో 10 ఎఫ్‌సి. 2.5 మెగాహెర్ట్‌జ్ దగ్గర 10.4 మైక్రోసెకన్లు. మోటరోలా 6800కి 15 మైక్రోసెకన్లు పట్టింది.

సారు కాగితం రెండుసార్లు చదివి, "ఇప్పుడు పది బైట్లు ఒకచోట నుంచి ఇంకోచోటకి కాపీ చెయ్" అన్నారు. 6800కి ఉన్నది ఒక్కటే ఇండెక్స్ రిజిస్టర్ (మెమరీ అడ్రసు పట్టుకునేది). ఎక్కడి నుంచి, ఎక్కడికి అనే రెండు అడ్రసులూ ప్రతి బైటుకీ మెమరీలో దాచి మళ్లీ తెచ్చుకోవాలి. జెడ్80 ఆ లూపంతా ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో, బైటుకి 21 టీ-స్టేట్లలో చేసేసింది.