పోస్టర్ వచ్చిందని చిన్నబుచ్చుకోకండి

కాన్ఫరెన్స్‌లో టాక్ (వేదికెక్కి మాట్లాడే అవకాశం) రాలేదు, పోస్టరే (చేసిన పనిని పెద్ద కాగితం మీద వేసి, పక్కన నిలబడి వచ్చినవాళ్లకి చెప్పడం) ఇచ్చారు అని ఇక్కడ జర్మనీలో పీహెచ్‌డీ చేస్తున్న మన పిల్లలు తెగ దిగులు పడుతుంటారు. నేను మాత్రం పోస్టరే మేలంటాను. ఈ దేశపు యూనివర్సిటీల్లో పరిశోధకుల కాంట్రాక్టులు చాలావరకు గడువున్నవే. పీహెచ్‌డీకి ముందు 6 ఏళ్లు, తర్వాత 6 ఏళ్లు (వైద్యరంగంలో ఇంకాస్త ఎక్కువ) అని చట్టమే హద్దు పెట్టింది, మన వీసా కూడా ఆ కాంట్రాక్టునే పట్టుకుని ఉంటుంది కాబట్టి తర్వాతి ఉద్యోగం ఎక్కడా అన్న టెన్షన్ ఎప్పుడూ తప్పదు. టాక్ అయితే పది పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది, ప్రశ్నలకి టైమే మిగలదు. అదే పోస్టర్ దగ్గర, రేపు మీకు ఉద్యోగం ఇవ్వగలిగిన ప్రొఫెసర్ పావుగంట నిలబడి మాట్లాడొచ్చు. మాట తడబడినా గ్రాఫ్ మీద వేలు పెట్టి చూపించొచ్చు.

కాకపోతే ముందు వాళ్లు ఆగాలి కదా.

మా ల్యాబ్‌లో ఒక సూర్యాపేట కుర్రాడున్నాడు. ఉమ్మడి నల్గొండ బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ మీద పని. వియన్నాలో జరిగే యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్ (భూవిజ్ఞాన పరిశోధకుల సంఘం) సదస్సుకి పోస్టర్ చేసి, "అన్నా, జర చూస్తవా" అని తెచ్చాడు. ఏ0 కాగితం, అంటే 841 × 1189 మిల్లీమీటర్లు, అంచు నుంచి అంచు దాకా అక్షరాలే. "తీసేస్తే పని తక్కువ చేసినట్టు అనిపిస్తదన్నా" అన్నాడు. వాడి బాధ నాకు అర్థమైంది. అడిషనల్ షీట్లు ఎన్ని తీసుకుంటే అన్ని మార్కులు అని నమ్మి పరీక్షలు రాసినవాళ్లం మనం.

ఇంతకీ నువ్వు కనిపెట్టింది ఏంట్రా అని అడిగితే, "కాల్షియం తక్కువున్న బోర్లల్లనే ఫ్లోరైడ్ ఎక్కువుంటుందన్నా" అని ఒక్క ముక్కలో చెప్పాడు. అదే హెడ్డింగ్ చేశాం. "ఫ్లోరైడ్ వ్యాప్తిపై ఒక అధ్యయనం" లాంటి పేరు చూసి ఎవరూ ఆగరు, ఫలితం చెబితే కనీసం కాదని వాదించడానికైనా ఆగుతారు. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి ఫ్లోరైట్ అనే ఖనిజంగా నీళ్ల నుంచి విడిపోతుంది. బైకార్బనేట్ ఎక్కువైన చోట కాల్షియం కాస్తా కాల్సైట్ అనే ఇంకో ఖనిజంగా వెళ్లిపోయి, రాళ్ల నుంచి వచ్చిన ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉండిపోతుంది. ఈ కథ అంతా ఒక్క గ్రాఫ్ చెబుతుంది. అడ్డంగా కాల్షియం, నిలువుగా ఫ్లోరైడ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి అయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దగ్గర ఒక గీత. దాన్ని మధ్యలో పెద్దగా పెట్టి, మిగతావన్నీ తగ్గించాం. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిన పిల్లల ఫోటో ఒకటి పెట్టాడు, అది మాత్రం తీసేయమని గట్టిగా చెప్పాను. వాళ్ల ఒళ్లు చూపించి మన పనికి జాలి సంపాదించడం నాకు ససేమిరా ఒప్పు కాదు.

2019లో మైక్ మారిసన్ అనే అమెరికన్ పీహెచ్‌డీ విద్యార్థి, మధ్యలో ఒకే ఒక్క పెద్ద వాక్యం, పక్కన క్యూఆర్ కోడ్ అంటూ ఒక పద్ధతి చెప్పాడు, అది బాగా పాకింది. వాక్యం మంచిదే, కానీ మా రంగంలో గ్రాఫ్ చూడకుండా ఎవరూ నమ్మరు, అందుకే రెండూ ఉండాలంటాను.

రంగుల సంగతి: ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వాడొద్దు. యూరప్ మూలాలున్న మగవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఆ రెండూ సరిగ్గా తేడా తెలియవు. నీలం, నారింజ వాడుకోండి. అక్షరాలు 24 పాయింట్లకి తగ్గకూడదు. ప్రింట్‌కి ఇచ్చే ముందు ఏ4 మీద తీసి చూడండి, ఆ సైజులో 24 కాస్తా 6 అవుతుంది, అది చదవగలిగితే హాల్లో ఇబ్బంది ఉండదు. గుడ్డ మీద ప్రింట్ చేయిస్తే మడతపెట్టి సూట్‌కేసులో పెట్టుకోవచ్చు, విమానంలో ఆ పొడుగు గొట్టం మోసే బాధ ఉండదు.

అక్కడికెళ్లాక పోస్టర్‌కి అడ్డంగా కాకుండా పక్కకి నిలబడండి. వచ్చినవాళ్లకి మొత్తం అప్పజెప్పకండి, మీరు దేని మీద పనిచేస్తారు అని ముందు వాళ్లనే అడగండి. ఎక్కువసేపు మాట్లాడినవాళ్లకి ఆ వారంలోనే మెయిల్ పెట్టండి, వాళ్లడిగిన ప్రశ్ననే సబ్జెక్ట్ లైన్‌గా రాసి.