రాజాం ఫైల్ మా జిల్లా ఫోల్డర్‌లోకి

మాది విజయనగరం. సెలవు దొరికితే బండేసుకుని ఊళ్లు తిరగడం, వచ్చాక ఒక్కో ఊరికి ఒక టెక్స్ట్ ఫైల్ రాసుకోవడం నాకు సరదా. అన్నీ గిట్‌లో (ఫైళ్లలో చేసిన మార్పులన్నీ చరిత్రగా దాచే ప్రోగ్రామ్) ఉన్నాయి, కానీ ఫోల్డర్లు పాత జిల్లాలవే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. రాజాం శ్రీకాకుళం నుంచి మా వైపు వచ్చింది. పాలకొండ, సీతంపేట, సాలూరు పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. ఆ సర్దుడు ఇన్నాళ్లకు మొదలుపెట్టాను.

ముందుగా తెలుసుకోవాల్సింది: ఫైల్ చోటు మారిందని గిట్ ఎక్కడా రాసుకోదు. గిట్ ఎమ్‌వీ (ఫైల్‌ని జరిపే కమాండ్) అన్నా, మామూలుగా జరిపి యాడ్ చేసినా దానికి ఒకటే. చరిత్ర చూపించేటప్పుడు పోయిన ఫైల్‌నీ కొత్త ఫైల్‌నీ పోల్చి, కనీసం 50 శాతం కలిస్తే పేరు మారిందని లెక్కేస్తుంది. పెద్ద ఫైళ్లకు ఇబ్బంది లేదు. సీతంపేట ఫైల్ నాలుగైదు లైన్లే. జరపడంతో పాటే జిల్లా పేరు, దారి వివరాలు మార్చేస్తే సగం పోలిక పోయినట్టే. అందుకే మొదటి కమిట్‌లో (ఒకసారికి చరిత్రలోకి ఎక్కించే మార్పుల మూట) జరపడం ఒక్కటే, అక్షరం ముట్టుకోలేదు. కమిట్‌కి ముందు మార్పులు చూపే గిట్ డిఫ్‌ని క్యాష్‌డ్, నేమ్-స్టేటస్ ఆప్షన్లతో చూస్తే ప్రతి ఫైల్ పక్కన ఆర్100 (పేరు మారింది, పోలిక నూటికి నూరు) అని రావాలి. వచ్చింది.

కొత్త ఫోల్డర్‌ని ముందే తయారుచేసుకోవాలి, ఎమ్‌వీ దాన్ని సృష్టించదు. తెలుగు ఫైల్ పేర్లు గిట్ స్టేటస్‌లో \340\260 అంటూ అంకెల్లా కనిపిస్తే కోర్.కోట్‌పాత్ సెట్టింగ్‌ని ఫాల్స్ చేయండి.

రాజాం పాత కమిట్లు లాగ్‌లో (కమిట్ల జాబితా) ఫాలో ఆప్షన్ పెడితేనే వస్తాయి. అది ఒక్కసారికి ఒక్క ఫైల్‌కే, ఫోల్డర్ మొత్తానికి కుదరదు. ఏ లైన్ ఏ కమిట్‌లో వచ్చిందో చూపే బ్లేమ్ మాత్రం అడక్కుండానే పాత చోటు దాకా వెళ్తుంది.

ఫిల్టర్-రెపో అనే టూల్‌తో చరిత్రనే, మొదటి నుంచీ కొత్త ఫోల్డర్‌లోనే ఉన్నట్టు తిరగరాయొచ్చు. నాకు నచ్చలేదు. అప్పటికి రాజాం శ్రీకాకుళం జిల్లాదే కదా! పైగా తిరగరాసిన కమిట్ల హ్యాష్‌లన్నీ (లోపలున్నదాన్ని బట్టి గిట్ లెక్కగట్టే గుర్తులు) మారిపోతాయి, పాలకొండ నుంచి ఫైళ్లు పంపే మా బావ మొత్తాన్ని మళ్లీ కొత్తగా క్లోన్ చేసుకోవాలి (నకలు దించుకోవాలి). అది ఆయనకు ఫోన్‌లో చెప్పేసరికి తెల్లారుతుంది.

ఇక ఫొటోలు మిగిలాయి. వాటితో టెన్షన్ లేదు: లోపల ఏమీ మారకపోతే హ్యాష్ అదే ఉంటుంది కాబట్టి, శాతాల లెక్క లేకుండానే గిట్ పట్టేస్తుంది. జిల్లా లైన్లు దిద్దే కమిట్ ఆ తర్వాత.