ఆల్ప్ డ్యుయెజ్‌లో చివరి గుంపు

రోజుకో దశగా మూడు వారాలు సాగే టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసును రోడ్డు పక్కన నిలబడి చూడటానికి టికెట్ అక్కర్లేదు. కానీ 2022 జూలై 14న ఫ్రాన్స్‌లోని ఆల్ప్ డ్యుయెజ్ కొండ మీద ఒక్క నీళ్ల సీసాకు నాలుగు యూరోలు గుంజినవాడి మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు. అసలే వడగాలుల రోజులు. రోడ్డు మూసేశారు కాబట్టి కింద బూర్గ్ ద్వాజాన్ నుంచి నడకే గతి. పైదాకా 13.8 కిలోమీటర్లు, 21 మలుపులు. మలుపుల అంకెలు కింద 21తో మొదలై పైకి పోయేకొద్దీ తగ్గుతాయి. ప్రతి మలుపులోనూ ఈ కొండ మీద గెలిచినవారి పేరుతో ఒక పలక ఉంటుంది. 1952లో మొదటిసారి గెలిచిన ఫౌస్టో కొప్పి పేరు అట్టడుగు మలుపులోనే కనిపిస్తుంది.

డచ్చివాళ్లు నారింజ రంగు బట్టల్లో ఊగిపోయే ఏడో మలుపు దాకా వెళ్లే ఓపిక లేక, దానికి చాలా కిందే ఆగాను. ప్రచార వాహనాలు టోపీలూ మిఠాయి పొట్లాలూ విసురుకుంటూ పోయాయి. ఆ తర్వాత గంటల తరబడి ఎండ, ఎదురుచూపు.

హెలికాప్టర్ల మోత దగ్గరపడింది. ముందు గుంపు వచ్చింది, వెళ్లింది. ఇరవై రెండేళ్ల టామ్ పిడ్‌కాక్ గెలిచాడని కాసేపటికి ఎవరి ఫోనులోనో తెలిసింది. 2019లో ఘోరంగా పడి ఎముకలు విరిగిన ఒకప్పటి టూర్ విజేత క్రిస్ ఫ్రూమ్ మూడోవాడు. అది వినగానే ముక్కూ మొహం తెలియని పక్కవాడి చెయ్యి పట్టుకుని ఊపేశాను.

అంతలోనే జనం కుర్చీలు మడవడం మొదలుపెట్టారు. నా మనసు చివుక్కుమంది. రేసులో సగం మంది ఇంకా కిందే ఉన్నారు! బ్రియాన్‌సోన్‌లో బయలుదేరి గాలిబియే, క్రా ద ఫేర్ కనుమలు దాటి 165 కిలోమీటర్ల దారిలో చివరి కొండ ఎక్కుతున్నారు. విజేత సమయానికి ఇంత శాతం కలిపి ఒక గడువు పెడతారు. అది దాటితే మర్నాడు బయలుదేరనివ్వరు. చదునైన దారుల్లో మెరుపులా దూసుకుపోయే స్ప్రింటర్లకు బరువైన కండలే కొండల్లో భారం. అందుకే జట్టు భేదాలు మరిచి ఒక గుంపు కడతారు. దాన్నే గ్రుపెత్తో అంటారు. ఎంత వేగంతో వెళితే గడువులోపు చేరతామో లెక్క వేసుకుంటూ కలిసి తొక్కుతారు.

అరగంట దాటాక వాళ్లు వచ్చారు. చేయి చాస్తే తగిలేంత దగ్గర. నల్లని నిక్కర్ల మీద చెమట ఎండి తెల్లగా ఉప్పు చారలు కట్టింది. ఒకడి మోచేతికి చుట్టిన గాజుగుడ్డ జారి మణికట్టు దాకా వచ్చింది. నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, మాట లేదు. గొలుసుల చప్పుడు, ఊపిరి మాత్రమే. పక్కనున్న పెద్దాయన వెనుకబడిన ఒకతని వీపు మీద చెయ్యి వేసి తోయబోతే, అతను తల అడ్డంగా ఊపి సొంతంగానే తొక్కాడు. నేను గొంతు పోయేలా అరిచాను. ఆ కొండ మీద నేను చూసిన రేసు అదే.

ఆరు రోజుల తర్వాత పేరాగుద్ కొండ మీద ముగిసిన దశను టీవీలో చూశాను. డెన్మార్క్‌లో రెండో దశ గెలిచిన స్ప్రింటర్ ఫాబియో యాకోబ్సెన్ కొద్ది సెకన్ల తేడాతో గడువు అందుకున్నాడు.

మీరు ఆ కొండకు వెళితే నీళ్లు కిందే కొనుక్కోండి. మొత్తం రేసులో ముందున్నవాడు తొడిగే పసుపు జెర్సీ పోగానే దిగిపోకండి. రేసు ముగిసిందని రాసి ఉన్న చివరి బండి దాటేదాకా రోడ్డు పక్కనే ఉండండి.