మా పంప్‌హౌస్‌కి కంచె వేయించాం – నా అనుభవం

బోడుప్పల్ దాటాక ఉంటుంది మా కాలనీ. బోరు మోటారు కేబుల్ పదే పదే దొంగలు కోసుకుపోతుంటే, పంప్‌హౌస్ చుట్టూ ఎత్తుగా ప్రహరీ కట్టి పైన గాజు పెంకులు గుచ్చేద్దామని అసోసియేషన్ మీటింగ్‌లో చాలామంది అన్నారు. పని నాకు అప్పగించారు.

కోటేషన్ల కోసం రాణిగంజ్ వెళ్తే ఒక ఫ్యాబ్రికేటర్ సూటిగా చెప్పాడు: "దూకేదాకే సార్ దొంగకు భయం. లోపలికి దిగాక మీ గోడే వాణ్ణి దాస్తుంది." నాకు ఆ మాట బాగా పట్టింది. కంచె దొంగను పూర్తిగా ఆపలేదు, ఆలస్యం చేస్తుంది. ఆ కాస్త సేపట్లో వాడు ఎవరికైనా కనబడాలి. అందుకే కంచెను అవతలివైపు కనిపించేలా కడతారు.

మరి మామూలు చెయిన్ లింక్, అంటే తీగలు ఒకదానిలో ఒకటి మెలేసి అల్లిన జాలీ, చాలదా? అతను ఒక ముక్క తీసి, కటింగ్ ప్లేయర్‌తో ఒక తీగ రెండు చివర్ల మడతలు విప్పి, ఆ తీగను తిప్పుతూ బయటికి లాగేశాడు. జడ విప్పినట్టు జాలీ రెండుగా విడిపోయింది. ఎక్కడా ఒక్క తీగ కూడా కోయలేదు! తర్వాత 358 మెష్ అనే సన్న కన్నాల జాలీ చూపించాడు. కన్నం పొడవు 3 అంగుళాలు, వెడల్పు అర అంగుళం, తీగ 8 గేజ్, అంటే సుమారు 4 మిల్లీమీటర్లు. నా వేలు దూరలేదు, కాబట్టి పట్టుకుని ఎక్కడం కష్టం. మామూలు కట్టర్ మూతి కూడా దూరదు. ధర ఎక్కువే, అయినా పంప్‌హౌస్ మేరకు దాన్నే తీసుకున్నాం.

బోల్టుల దగ్గర ఇంకో విషయం తెలిసింది. బయటివైపు గుండ్రటి తల, లోపల నట్టు. స్పానర్‌తో బిగిస్తుంటే చివర్లో నట్టు పైభాగం టక్కున విరిగి పడిపోయింది. మిగిలిన నున్నటి భాగాన్ని స్పానర్ పట్టదు.

తీగలకు కరెంటు పెట్టిద్దామని ఒకరు గట్టిగా పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. పొలాల్లో అడవి పందుల కోసం పెట్టిన కరెంటు తీగలు తగిలి మనుషులే చనిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. పద్ధతి ప్రకారం పెట్టే కరెంటు కంచెలో ఎనర్జైజర్ అనే పరికరం సుమారు సెకనుకొకసారి చిన్న షాక్ మాత్రమే పంపుతుంది. ఇంటి కరెంటు నేరుగా కలపడం ప్రాణం తీసే పని.

అసలు ఇబ్బంది వేపచెట్టుతో వచ్చింది. దాని కొమ్మ కంచె మీదికి వాలితే ఎంత గట్టి మెష్ వేసినా దండగే. "కొమ్మ కొట్టొద్దు బాబూ" అని ఎదురింటి పెద్దమ్మ అడ్డుపడ్డారు. ఆవిడ బాధ న్యాయమైనదే. చెట్టును వదిలేసి కంచెనే లోపలికి జరిపాం. కింద తవ్వకుండా సిమెంట్ బెడ్ పోయించాం.

చివరికి గేటు. రెండు బందుల పిన్నులూ ఒకే వైపు చూస్తే తలుపును ఎత్తి తీసేయొచ్చట. పై బందును తలకిందులుగా బిగించాక, మేస్త్రీ, నేను ఇద్దరం కలిసి ఎత్తి చూశాం. కదల్లేదు. మిగిలిన డబ్బు అప్పుడే ఇచ్చేశాను.