11 లక్షలకే జర్మన్ కారు అంటే

మా బావమరిది నిన్న ఫోన్ చేసి "బావా, జర్మన్ ఎస్‌యూవీ ఒకటి 11 లక్షలకే వస్తోంది, తీసేస్కోనా" అన్నాడు. వద్దు అని నోటికి రాలేదు, 2022లో నేనూ అదే పని చేశా కదా. 2013 మోడల్, 14 లక్షలు, కొత్తలో 60 పైమాటే. ఆ కారంటే నాకిప్పటికీ ప్రాణం, అందుకే ఇది రాస్తున్నా.

ఏడాది హాయిగా తిరిగింది. ఒకరోజు పొద్దున్నే నాన్న పైకొచ్చి "ఒరేయ్, కారు ఓ పక్కకి కూలబడిందిరా" అన్నారు. దిగి చూస్తే ముందు ఎడమ పక్క ఫెండర్ టైరు మీదకి దిగిపోయి ఉంది, పంచరేమో అనుకున్నా గానీ టైర్లో గాలి నిండుగా ఉంది. స్టార్ట్ చేస్తే కింద ఏదో గుయ్యిమని రెండు నిమిషాలకి మెల్లగా లేచింది. సర్వీస్ సెంటర్‌లో చూసి ఎయిర్ సస్పెన్షన్ పోయింది, స్ట్రట్ (చక్రం దగ్గర బండి బరువు మోసే భాగం) మొత్తం మార్చాలి అని 1,92,000 ఎస్టిమేట్ చేతిలో పెట్టారు, అదీ ఒక్క పక్కకే! అప్పట్లో పార్టుల మీద జీఎస్టీ 28 శాతం, 2025 సెప్టెంబర్‌లో 18కి తగ్గింది.

మనసొప్పక కూకట్‌పల్లి వైపు ఒక గ్యారేజీకి తీసుకెళ్లా. ఆ కుర్రాడు సబ్బు నీళ్లు స్ప్రే చేసి టార్చ్ వేసి "ఇటు చూడన్నా" అన్నాడు, రబ్బరు మడతలో సన్నగా బుడగలు వస్తున్నాయి. ఎయిర్ సస్పెన్షన్‌లో ఇనుప స్ప్రింగ్ ఉండదు, గాలి నింపిన రబ్బరు సంచీయే బండి బరువు మోస్తుంది, మన ఎండకీ దుమ్ముకీ ఏళ్లు గడిచేకొద్దీ మడతల దగ్గర పగుళ్లిస్తుంది. కారిపోయే గాలిని నింపడానికి కంప్రెసర్ ఊరికే తిరుగుతూనే ఉంటుంది. "ఇంకో నెల గిట్లనే తిప్పితే కంప్రెసర్ గూడా కాలిపోతుండె అన్నా" అన్నాడు. వేరే కంపెనీ స్ట్రట్ తెప్పించి ఫిట్టింగ్‌తో కలిపి 58,000కి అయిపోయింది.

అసలు విషయం ఏంటంటే పాతబడేకొద్దీ కారు ధర నాలుగో వంతుకి పడిపోతుంది గానీ దాని స్పేర్ పార్టుల ధర రూపాయి కూడా తగ్గదు. ఈ కార్లు పుణె దగ్గరో చెన్నైలోనో బిగించినా చాలా పార్టులు బయటి నుంచే రావాలి, డ్యూటీ, రవాణా, యూరో రేటు అన్నీ మన బిల్లులోకే వస్తాయి. బ్యాటరీ మారిస్తే కూడా చాలా మోడళ్లలో స్కానర్ పెట్టి కొత్తది వేశామని కారు కంప్యూటర్‌కి చెప్పాలి. ఇంకోటి, కారు కంపెనీ లోగో ఉన్న డబ్బాలో వచ్చే పార్టు చాలాసార్లు బాష్, జడ్ఎఫ్, మాలే లాంటి వాళ్లు తయారు చేసిందే, పార్ట్ నంబర్ పట్టుకుని అడిగితే అదే సరుకు వాళ్ల సొంత డబ్బాలో తక్కువకి దొరుకుతుంది. ఇది నాకు రెండో ఏడు గానీ తెలియలేదు, ముందే తెలిసుంటే బ్రేకుల దగ్గరే చాలా మిగిలేది.

ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ (మామూలు పాలసీకి అదనంగా తీసుకునే కవర్) మాత్రం వదలొద్దు. 2020 అక్టోబర్ వానలకి హైదరాబాద్‌లో ఎన్ని సెల్లార్లు మునిగాయో చూశాం, నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజిన్ పోతే మామూలు పాలసీ సాధారణంగా ఇవ్వదు.

బావమరిదికి ఇవన్నీ చెప్పా, కారు ధర కాక ఇంకో మూడు లక్షలు పక్కన ఉంటేనే ముందుకెళ్లు అన్నా. ఉన్నాయన్నాడు. ఆదివారం పొద్దున్నే చూడ్డానికి వెళ్తున్నాం, రాత్రి పెట్టిన కారు మేమొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ఓనర్‌కి చెప్పించా, సబ్బు నీళ్ల బాటిల్ నేను తీసుకెళ్తా.