పెరిపటెటిక్ దగ్గర పోయిన నాలుగు మార్కులు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి ఎస్‌ఎస్‌సీ పెట్టే సీజీఎల్ పరీక్ష ఫైనల్ లిస్టులో నా నంబర్ చూసుకుని ఇవాళ్టికి మూడో రోజు. అమ్మ ఇంకా అందరికీ ఫోన్ చేసి చెబుతూనే ఉంది. మ్యాథ్స్, రీజనింగ్, జనరల్ స్టడీస్ ఎలా చదివావని చాలామంది అడుగుతున్నారు. అందరిలాగే పాత పేపర్లు, మాక్‌లు, అంతే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను చెప్పాల్సింది ఇంగ్లిష్ గురించి.

పోయినసారి సీజీఎల్ రెండో దశ, టైర్-2లో నా షిఫ్టుకి 'పెరిపటెటిక్' అర్థం అడిగారు. చూడగానే 'పెథటిక్' గుర్తొచ్చింది. 'జాలిగొలిపే' అన్న ఆప్షన్ పెట్టేశాను. అసలు అర్థం, ఒకచోట ఉండకుండా ఊళ్లు తిరిగే. రావాల్సిన 3 రాలేదు, నెగెటివ్‌లో 1 పోయింది. కటాఫ్‌కి నాకు తక్కువైంది 3 మార్కుల లోపే. ఆన్సర్ కీ చూసిన రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు లైబ్రరీలో పెద్ద డిక్షనరీ తీశాను. గ్రీకులో 'పెరి' అంటే చుట్టూ, 'పటెయిన్' అంటే నడవడం. ఏథెన్స్‌లోని లైసియంలో అరిస్టాటిల్ నడుస్తూ పాఠం చెప్పేవాడని, అందుకే ఆయన శిష్యులకి ఆ పేరొచ్చిందని పాత కథ. అక్కడి 'పెరిపటోస్' అనే నడవా వల్ల వచ్చిందని కూడా అంటారు. పెథటిక్‌ది వేరే వంశం. అది బాధ, అనుభూతి అనే అర్థమున్న 'పాథోస్' నుంచి వచ్చింది. సింపథీ, అపథీ దాని చుట్టాలు. మరి పెరిమీటర్‌లో ఉన్నది ఈ 'పెరి'యే! మెన్సురేషన్‌లో ఎన్ని వందలసార్లు రాసుంటాను?

ఇంకో పేజీ తిప్పితే, ఈ 'పెరి', సంస్కృతంలోని 'పరి' ఒకే మూలం నుంచి వచ్చాయని ఉంది. వెంటనే మన 'పరివ్రాజకుడు' మెదిలాడు. పరి అంటే చుట్టూ, వ్రజ్ అంటే వెళ్లడం. తెలుగు మీడియం వాడినని ఏళ్ల తరబడి బెంగపడ్డాను. ఆ మాట సగం నా దగ్గరే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ రోజే పదాల పీడీఎఫ్‌లు పక్కన పెట్టేశాను. ఒక మూలానికి ఒక పేజీ. లాటిన్‌లో 'వగారి' అంటే తిరగడం. దేశదిమ్మరి అనే అర్థమున్న వేగబాండ్ అక్కడిదే. హద్దు దాటి తిరిగేది ఎక్స్‌ట్రావగెంట్. మెదడు నుంచి పొట్ట దాకా తిరిగే నరం కాబట్టి వేగస్. టైమ్ వేస్ట్ అని రూమ్మేట్లు అన్నారు, నేను ఒప్పుకోను. బట్టీ పట్టిన మాట టెన్షన్‌లో ఎగిరిపోతుంది. రోజుకి రెండు మూలాలు, పొద్దున ఐదున్నరకి. సంక్రాంతికి ఇంటికెళ్లినా మానలేదు. ఆ మాత్రం పట్టుదల లేకుండా మార్కులు రాలేదని బాధపడితే ఎలా?

ఈసారి నా పేపర్లో 'ఇటినరెంట్' వచ్చింది, అదీ ఊళ్లు తిరిగే అనే అర్థమే. 'ఇటెర్' అంటే ప్రయాణం. నా నోట్‌బుక్‌లో ఇటినరరీ పక్కనే, ఎర్ర ఇంకుతో రాసి ఉంది. ఆప్షన్లు చదవకముందే జవాబు తెలుసు.