ముసురులో ముదురు నీలం: నా మొదటి మోడల్ కారు అనుభవం

నిన్న రాత్రి నా మొదటి ప్లాస్టిక్ మోడల్ కారుకు చివరి అద్దం అతికించాను. జపాన్‌లోని షిజువోకా నగరానికి చెందిన తమియా సంస్థ 1/24 స్కేలులో తయారుచేసే 1966 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అది. నాలుగు మీటర్ల పైచిలుకు పొడవున్న కారు సుమారు 17 సెంటీమీటర్లకు కుదించుకుపోయి, ఇప్పుడు నా బల్ల మీద ముదురు నీలం రంగులో మెరుస్తోంది. ఇంట్లోవాళ్లు దాన్ని బొమ్మ అంటున్నారు, అననివ్వండి. ఆ మెరుపు కోసం పడిన యాతన మరుపున పడకముందే, ముఖ్యంగా నన్ను చులకన చేసినవారి మీద కోపం చల్లారకముందే, జరిగినదంతా రాసిపెట్టుకోవాలనిపించింది.

మొదటి దశల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పోవడానికి భాగాలన్నింటినీ గిన్నెలు తోమే ద్రావణంతో కడిగి ఆరబెట్టాను. భాగాలన్నీ అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము నుంచి వాటిని కట్టర్‌తో వేరుచేసి, మిగిలిన బుడిపెలను సన్నని వాటర్ పేపరుతో (తడిపి వాడే ఉప్పు కాగితంతో) రుద్దాను. బాడీ మీద అచ్చు కలిసిన చోట ఏర్పడే సన్నని గీతను కూడా అలాగే తొలగించి, రంగు గట్టిగా పట్టుకోవడానికి ముందుగా వేసే ప్రైమరు పూత కొట్టాను. ఈ పనులన్నీ ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా చేయగలరు.

అసలు కథ బాడీ రంగుతో మొదలవుతుంది. స్కేలు మోడల్ మీద రంగు ఎంత పలచగా ఉండాలో ఒక చిన్న లెక్క వేస్తే అర్థమవుతుంది. ఈ కారు మీద 0.1 మిల్లీమీటరు మందాన రంగు పడితే, అది నిజమైన కారు మీద 2.4 మిల్లీమీటర్ల పూతతో సమానం. అర మిల్లీమీటరు దుమ్ము కణం అంటుకుంటే 12 మిల్లీమీటర్ల గులకరాయి అంటుకున్నట్టు కనిపిస్తుంది. అందుకే కుంచె పనికిరాదని, స్ప్రే డబ్బాగాని, గాలి ఒత్తిడితో రంగు చల్లే ఎయిర్‌బ్రష్‌గాని వాడాలని అందరూ చెబుతారు. నేను లాకర్ (ద్రావకం ఆవిరై త్వరగా ఆరే రంగు) స్ప్రే డబ్బాలను ఎంచుకున్నాను. అవి మండే వాయువుతో నిండినవి కాబట్టి విమానంలో పంపరు. వేరే నగరంలోని దుకాణం నుంచి రోడ్డు మార్గాన విజయవాడ చేరేసరికి ఆషాఢం ముగిసి శ్రావణం వచ్చింది. ఈ ఆలస్యమే నా కొంప ముంచింది.

వీడియోల్లో చెప్పినట్టే చేశాను. డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, బాగా కుదిపి, ఇరవై సెంటీమీటర్ల దూరం నుంచి మొదట మంచు కురిసినంత పలచగా, తరువాత కాస్త తడిగా కొట్టాను. తడి పూత పడిన క్షణంలో ఆ నీలం ఎంత లోతుగా కనిపించిందో చెప్పలేను. ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు. నేను చూస్తుండగానే పైకప్పు మీద పాలు ఒలికినట్టు తెల్లటి మసక పుట్టి, ముందు బానెట్ మీదికి, అక్కడి నుంచి మడ్‌గార్డుల మీదికి పాకింది. గుడ్డతో తుడిస్తే పోలేదు. మర్నాటికి ఆరిపోతుందనుకుంటే, ఆరిన కొద్దీ ఇంకా స్పష్టంగా కనిపించింది. మెరుపు లేదు, లోతు లేదు. ముదురు నీలం కాస్తా బూజు పట్టిన నేరేడుపండు రంగుకు దిగజారింది.

రంగులమ్మిన దుకాణానికి ఫోటోలు పంపి కారణమేమిటని అడిగాను. అక్కడి మహానుభావుడు ఒక్క ప్రశ్నయినా వేయకుండా, దాని మీద క్లియర్, అంటే రంగులేని పారదర్శక లాకర్ కొడితే మెరుపు వచ్చేస్తుందని చెప్పి ఒక క్లియర్ డబ్బా అంటగట్టాడు. అది వచ్చిన రోజు కూడా ముసురే. క్లియరు తడిగా ఉన్నంతసేపు మసక మాయమైనట్టే కనిపించి, ఆరడం మొదలుకాగానే రెట్టింపు తెల్లదనంతో తిరిగివచ్చింది. ఈసారి ఫోను చేస్తే, "సార్, ఇది అందరికీ వచ్చే పని కాదు, చేతికి అలవాటుండాలి" అని చెప్పి, రంగంతా బ్రేక్ ఆయిల్‌లో నానబెట్టి ఊడదీసి, కొత్త డబ్బాలు తెప్పించుకోమన్నాడు. అంతటితో ఆగినా క్షమించేవాణ్ణి. నేను నమ్మి పంపిన ఫోటోను తన కొనుగోలుదారుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, కొత్తవాళ్లు ఇలా చేయకూడదని దాని కింద ఒక నవ్వు బొమ్మ తగిలించాడు. ఆ గ్రూపులో నేనూ ఉన్నానన్న సంగతి ఆయనకు గుర్తులేనట్టుంది.

ఇక పండితులందరూ దిగారు. ఒకరు డబ్బా సరిగా కుదపలేదన్నారు, మరొకరు దూరం ఎక్కువైందన్నారు, ఇంకొకరు దూరం తక్కువైందన్నారు. ప్రైమరు నకిలీదై ఉంటుందని ఒక పెద్దమనిషి తీర్పు చెప్పాడు. పొడి గాలి ఉండే దేశాల్లో తీసిన వీడియోలు చూసి నేర్చుకున్న ఈ విజ్ఞులలో ఒక్కరికైనా, ఆ రోజు మీ ఊళ్లో వాన పడుతోందా అని అడగాలని తోచలేదు. యాభై ఏళ్లు దగ్గరపడుతున్న మనిషిని, పిల్లల ముందు తప్పు లెక్క చేసి దొరికిపోయిన మేష్టారిలా ఆ గ్రూపులో నిలబెట్టారు. కోపంతో డబ్బాలన్నీ అటక మీద పారేసి, కొన్నాళ్లు ఆ బాడీ ముఖం కూడా చూడలేదు.

దారి చూపింది ఆటోనగర్. విజయవాడలో ఉంటూ ఆటోనగర్ గురించి వేరే చెప్పనక్కరలేదు. లారీ ఛాసిస్‌తో వెళ్లినవాడు బాడీ కట్టించుకుని, రంగు వేయించుకుని బయటికి వచ్చే చోటు అది. మా స్కూటరు మడ్‌గార్డు సొట్ట తీయించడానికి వెళ్లినప్పుడు, అక్కడ డెంటింగ్ షెడ్డులో రంగు కొట్టే పెద్ద మేస్త్రిగారికి సంచిలోంచి బీటిల్ బాడీ తీసి చూపించాను. ఆయన నవ్వలేదు. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "వానలో లాకరు కొట్టారాండీ?" అన్నారు. అవునన్నాను. "కొట్టకముందు దీన్ని ఎక్కడ పెట్టారు?" దుమ్ము పడకుండా ఏసీ గదిలో పెట్టి, కొట్టేటప్పుడు బాల్కనీలోకి తెచ్చానన్నాను. "ఏసీ గదిలోంచి బయటికి వస్తే మీ కళ్లజోడుకి ఏమవుద్దండీ?" అని అడిగి, ఆయన తన పనిలో పడ్డారు.

ఆ ఒక్క ప్రశ్నతో అంతా తేటతెల్లమైంది. లాకర్‌లోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ తాను ఉన్న ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలి తేమతో బరువెక్కి ఉన్నప్పుడు, అలా చల్లబడిన రంగు పొర మీద నీటి ఆవిరి సన్నని బిందువులుగా చేరి, రంగులోనే చిక్కుకుపోయి, వెలుతురును చెదరగొట్టి తెల్లగా కనిపిస్తుంది. అప్పటికే ఏసీ చల్లదనాన్ని మోసుకొచ్చిన ప్లాస్టిక్ అయితే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. ఇందులో చేతి అలవాటు ప్రసక్తి లేదు, డబ్బాలో దోషమూ లేదు, ఉన్నదల్లా వాతావరణం. ఏటా వానాకాలంలో నిజమైన వాహనాలకు రంగులేసే మనిషికి ఇది ఓనమాలతో సమానం.

మందు కూడా ఆయన దగ్గరే దొరికింది. నెమ్మదిగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నరును మసక మీద మంచులా పట్టిస్తే, పై పొర కాస్త మెత్తబడి, చిక్కుకున్న తేమకు బయటపడే వ్యవధి దొరుకుతుంది. అయితే ఆటోమొబైల్ థిన్నరు ఘాటైనది. ప్రైమరు లేని ప్లాస్టిక్ మీద పడితే పగుళ్లు తెస్తుంది, ఎక్కువ తడిగా పడితే రంగు జారిపోతుంది. అందుకని ఇదే ప్రైమరు, ఇదే రంగు కొట్టిన ప్లాస్టిక్ చెంచాలను తెమ్మన్నారు. ఎండ బాగా కాసిన ఒక మధ్యాహ్నం చిన్న టచప్ గన్‌తో చెంచాల మీద ప్రయోగం చేసి, నీలం తిరిగి వచ్చిందని ఖాయపరచుకున్నాక, బాడీకి కుడివైపు ఆయన కొట్టి, ఎడమవైపు నా చేత కొట్టించారు. బ్రేక్ ఆయిల్ అవసరం రాలేదు, కొత్త డబ్బా అవసరం అంతకన్నా రాలేదు. పనిలో పనిగా, హార్డ్‌నర్ కలిపి కొట్టే టూకే క్లియర్ కూడా కొట్టేస్తానని కూడా అన్నారు గానీ, అంత మందపు పొర పడితే తలుపుల సందులు పూడిపోతాయని వద్దన్నాను. ఆ క్లియర్ హార్డ్‌నర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్లు ఉంటాయి. తగిన శ్వాస రక్షణ లేకుండా ఇంట్లో దాన్ని కొట్టుకోవాలని ఎవరూ ఆలోచించవద్దు. మామూలు లాకరుకైనా గుడ్డ మాస్కు చాలదు, ఆర్గానిక్ ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జి మాస్కు కొనుక్కోవాలి. దుకాణాలవాళ్లు బంగారు రంగు పట్టకార్లూ, తిరిగే స్టాండ్లూ అమ్మడానికి చూపే ఉత్సాహంలో పదోవంతు కూడా ఈ మాస్కు మీద చూపరు.

ఆ తరువాత నుంచి తేమను చూపే చిన్న డిజిటల్ మీటరు ఒకటి బల్ల మీద పెట్టుకున్నాను. 60 శాతం దాటితే లాకర్ డబ్బా మూత తీయను. ఇది ఏ శాస్త్రగ్రంథంలోనిదీ కాదు, నేను పెట్టుకున్న నియమం. పొడిగా ఉన్న రోజులు చూసి క్లియరు పలచటి పూతలుగా వేసి, ఆరడానికి వదిలేశాను. గోటితో నొక్కి చూడటం కన్నా వాసన చూడటం మేలు; ముక్కు దగ్గర పెట్టుకుంటే ద్రావకం వాసన వస్తున్నంతకాలం అది ఆరనట్టే లెక్క.

పాలిష్ పనిలో నాకు ఎవరి సలహా అవసరం పడలేదని కొంచెం గర్వంగానే చెబుతున్నాను. 2000 నంబరు వాటర్ పేపరును సబ్బు నీళ్లలో తడిపి, నారింజ తొక్కలాంటి గరుకు పోయేదాకా రుద్ది, ఆపైన ముతక, సన్న, ఆఖరి కాంపౌండులతో వరుసగా మెరుగుపెట్టాను. అంచుల దగ్గర రంగు ఎప్పుడూ పలచగానే ఉంటుంది కాబట్టి, బీటిల్ బానెట్ మధ్యనున్న ఉబ్బుగీతకూ మడ్‌గార్డుల అంచులకూ మాస్కింగ్ టేపు అతికించి, చుట్టూ ఉన్న చదును భాగాన్నే రుద్దాను. మోడల్ సరుకుల దుకాణంలో అందమైన పెట్టెలో అమ్మే వాటర్ పేపరు కొనకండి. ఆటోనగర్‌లోనో మీ ఊరి హార్డ్‌వేర్ కొట్టులోనో అదే నంబరు కాగితం చాలా చవగ్గా దొరుకుతుంది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. కిట్టు (మోడల్ భాగాల పెట్టె) మీద ఎలాగూ తప్పని ఖర్చును కాగితం ముక్కల మీద కూడా భరించడం దేనికి?

చిన్న పనులు ఆనందంగా సాగిపోయాయి. తలుపుల సందులు లోతుగా కనిపించడానికి వాటిలోకి పలచటి ఎనామెల్ రంగును పారించాను. లాకరు మీద ఎనామెల్ హాని చేయదు గనుక, ఎక్కువైనదాన్ని ఎనామెల్ థిన్నరులో ముంచిన దూదిపుల్లతో తుడిచేయవచ్చు. అందరూ నలుపు వాడతారు గానీ, నీలం మీద ముదురు బూడిద రంగే సహజంగా ఉంటుంది. కిటికీల చుట్టూ ఉండే వెండి పట్టీలకు అంటుకునే పలచటి లోహపు రేకు అతికించి, దూదిపుల్లతో నొక్కి, కొత్త బ్లేడుతో అంచు కోశాను. పాత బ్లేడైతే రేకు చిరిగిపోతుంది. వెనుక దీపాలకు వెండి రంగు మీద పారదర్శకమైన ఎరుపు వేశాను. టైర్ల నడిమి భాగాన్ని వాటర్ పేపరుతో రుద్దితే కొత్త రబ్బరు మెరుపు పోయి, రోడ్డెక్కిన టైర్లలా తయారయ్యాయి. అద్దాలకు మాత్రం సూపర్ గ్లూ దగ్గరికి రానివ్వకండి, దాని ఆవిరి తగిలిన చోటల్లా అద్దం పొగబారుతుంది. తెల్ల ఫెవికాల్ చాలు, ఆరితే కనిపించదు.

ఈ ఉదయం కారును జాగ్రత్తగా పెట్టెలో పెట్టుకుని మేస్త్రిగారికి చూపించాను. ఎడమ మడ్‌గార్డు దగ్గర పాలిష్ ఇంకొంచెం పట్టాలని చెప్పి, చేసిన పనికి డబ్బులిస్తే పుచ్చుకోకుండా, కిట్టు ఖరీదెంతని అడిగారు. రంగులతో కలిపి చెప్పాను. "ఆ డబ్బుకి నిజం కారు డోరు ఒకటి రంగేసి ఇచ్చేవాణ్ణి కదండీ" అని, మనవడికి చూపిస్తానంటూ తన ఫోనులో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నారు. తరువాతి కిట్టు తెల్ల రంగు మాజ్డా ఎంఎక్స్-5. సంక్రాంతి వెళ్లి గాలి పొడిబారాకనే దాని పెట్టె విప్పుతాను, రంగుల డబ్బాలు మాత్రం వేరే దుకాణంలో కొంటాను.